కంప్యూటరు గది తాళం ఎవరి చేతిలో?

మన పల్లెటూరి హైస్కూలుకు ఏ రోజు వెళ్లినా తాళం వేసి ఉండే గది ఒకటి కనబడుతుంది. కిటికీ సందులోంచి చూస్తే గుడ్డ కప్పిన పెట్టెలుంటాయి. పై అధికారి వచ్చే రోజున తాళం తీస్తారు. దుమ్ము దులపడానికి పిల్లల్ని పిలుస్తారు. ఆ దులిపే పిల్లలు ఏ పేట పిల్లలో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. దులిపించాక వాళ్లను బయటికి పంపి మళ్లీ తాళం వేస్తారు. నేను చదువుకున్న బడిలో సైన్సు సామాను గది ఇట్లాగే ఉండేది. తర్వాత నేనే పంతులునై వెళ్లిన బళ్లలో చూస్తే గది మారింది, లోపలి సామాను మారింది, తాళం మాత్రం మారలేదు.

ఈ సంచికలో ఆ తాళం గురించే మాట్లాడుకుందాం.

సర్కారు డబ్బు ఇవ్వలేదా అంటే ఇచ్చింది. బళ్లలో కంప్యూటర్లు పెట్టే ఐసీటీ పథకం 2004లో వచ్చింది. పిల్లలు సొంత చేతులతో వస్తువులు తయారు చేసి చూసుకోవడానికని 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయలు. అందులో సగం సామానుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. దేశం మొత్తం మీద 10 వేల పైచిలుకు బళ్లకు ఇవి అందాయి. మంచిదే. కానీ మొదట్లో పెట్టిన షరతు చూడండి. మైదాన ప్రాంతపు బడికి 1,500 చదరపు అడుగుల చోటు ఉండాలన్నారు. నాలుగు తరగతుల్ని రెండు గదుల్లో కుక్కి, వాన పడితే వరండా పిల్లల్ని కూడా లోపలికి జరిపే బడికి 1,500 అడుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఉన్న ఇంటికే వడ్డించే విస్తరి ఇది. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో, ఐదేళ్లలో ప్రభుత్వ బళ్లలో ఇంకో 50 వేల ల్యాబులు పెడతామన్నారు. ఆ 50 వేలలో మన పిల్లలు చదివే బడి ఉందా లేదా అని అడగాల్సింది మనమే. అడగకపోతే ఎవరికి పోతాయో మనకు తెలుసు.

2023-24లో ప్రభుత్వం వేసిన లెక్క ప్రకారమే దేశంలో నూటికి 57 బళ్లలోనే కంప్యూటర్లున్నాయి. ఇక ఇళ్ల సంగతి. 2017-18 జాతీయ సర్వేలో పట్నాల్లో నూటికి 23 ఇళ్లలో కంప్యూటరు ఉంటే, పల్లెల్లో నూటికి నాలుగిళ్లలో ఉంది. ఆ నాలుగిళ్లు ఊళ్లో ఉంటాయా, పేటలో ఉంటాయా? ఇంట్లో లేని పిల్లకు బడే దిక్కు. బడిలో తాళం పడితే ఇక ఎక్కడికి పోవాలి?

ట్యాబులిచ్చాం కదా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచిన మాట నిజం. ఇచ్చినదాన్ని వద్దనం. కాకపోతే ఆ పలక మీద ఎవరో చెబుతారు, మన పిల్ల చూస్తుంది. ఎవరో అడుగుతారు, మన పిల్ల నొక్కుతుంది. ఫోను సంగతీ అంతే. ఆనాడు ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలు కోసిమ్మన్నాడు. ఇప్పుడు కోయాల్సిన పని లేదు. బొటనవేలు ఒంటికే ఉంటుంది, రీళ్లు జరుపుకుంటూ ఉంటుంది!

కోడింగంటే చూడ్డం కాదు, యంత్రానికి ఆజ్ఞ రాయడం. ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, ఇట్లా అయితే ఏం చెయ్యాలి, అట్లా అయితే ఏం చెయ్యాలి అని ఒక్కొక్క మెట్టూ పేర్చి చెప్పడం. పిల్లలు ఇట్లా ఆజ్ఞలు రాయడానికి 1967లో అమెరికాలో లోగో అనే భాష తయారైంది. దాన్ని చేసినవాళ్లలో ఒకరు సేమర్ పాపెర్ట్. ఆయన దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లవాడు. కుర్రతనంలో అక్కడి వర్ణవివక్షకు ఎదురు నిలిచినవాడు. యంత్రం పిల్లను నడపాలా, పిల్ల యంత్రాన్ని నడపాలా అన్నదే 1980 నాటి ఆయన పుస్తకంలో అసలు ప్రశ్న. తరతరాలుగా ఆజ్ఞలు వినడమే తప్ప ఇవ్వడం ఎరగని మనకు ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది.

మా బడిలో ఒకసారి జరిగింది చెబుతాను. తాళం తీయించుకుని, పనిచేసే రెండు కంప్యూటర్ల మీద పిల్లలకు స్క్రాచ్ నేర్పాను. అది 2007లో వచ్చిన సాధనం. రంగురంగుల దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే అదే కోడు అవుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్టూ అక్కర్లేదు. పిల్లలంతా పిల్లిని పరిగెత్తించే ఆటలు చేస్తుంటే ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "సార్, దీంతో మా అమ్మ పత్తి కూలి లెక్క చెయ్యొచ్చా?" అనింది. చెయ్యమన్నాను. ఏ రోజు ఎన్ని కిలోలు ఏరావు అని అది అడగాలి, అన్నీ కూడాలి, కిలో రేటుతో హెచ్చవెయ్యాలి, ముందు తీసుకున్న బయానా తీసెయ్యాలి. మూడు రోజులు తంటాలు పడింది. మొదట బయానా తీసెయ్యబోయి కలిపేసింది. తనే పట్టుకుని తనే దిద్దుకుంది.

ఆరు రోజుల్లో వాళ్లమ్మ ఏరింది 186 కిలోలు. కిలో 12 రూపాయలు. 2,232లో బయానా 500 పోతే 1,732 రావాలి. మేస్త్రి ఇచ్చింది 1,648. ఏడు కిలోలు నోటుబుక్కులో ఎక్కడో జారిపోయాయి. తల్లీకూతుళ్లు వెళ్లి రోజువారీ కిలోలు చదివి వినిపిస్తే, ఆయన కాసేపు గొణిగి మళ్లీ కూడి 84 రూపాయలు చేతిలో పెట్టాడు. మర్నాడు ఆ తల్లి బడి గేటు దాకా వచ్చి, "మాస్టారూ, మా పిల్లకు ఆ పెట్టె ఇంకో పూట ఎక్కువ ఇయ్యండి" అనింది.

84 రూపాయలు పెద్ద సొమ్ము కాదు. కాగితం మీద కూడికతో కూడా తేలే లెక్కే అది. కానీ తన ఇంటి లెక్కను ఎట్లా చెయ్యాలో ఆ పిల్ల యంత్రానికి చెప్పింది. ఇక ఏ వారం కిలోలు పోసినా అది చెబుతుంది. పేటలో మిగతా ఆడవాళ్లూ చీటీలు పట్టుకుని వచ్చారు. చదువంటే ఇదీ అని ఆ రోజు పేటకు ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు.

ఇప్పుడు చేతిపని సంగతి. బడిలో చేతిపని అనగానే మన పెద్దలు ఉలిక్కిపడతారు. "చెప్పులు కుట్టే బతుకు వద్దనే కదరా బడికి పంపింది, మళ్లీ అక్కడ కూడా పనేనా?" అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బళ్లను పూటకు కుదించి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది. బాపనయ్య కొడుక్కి ఆ పూట ఏ వృత్తి, మాదిగ కొడుక్కి ఏ వృత్తి? పెరియార్ మొదలుకొని జనమంతా దాన్ని కులవిద్య పథకమని తిరగబడితే, 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది.

2020 జాతీయ విద్యా విధానం కూడా జాగ్రత్తగా చదవండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి దగ్గరా కుమ్మరి దగ్గరా పని నేర్వాలని అందులో ఉంది. ఆ తరగతుల్లోనే కోడింగ్ నేర్పాలనీ ఉంది. రెండూ మంచివే, రెండూ అందరికీ దక్కితే! పట్నపు బడికి కోడింగూ పేట బడికి కుండా వచ్చాయంటే అది 1953 పథకమే, చొక్కా మార్చుకుని వచ్చిందంతే. మనం కోరేది ఒకటే. ఒకే గదిలో, ఒకే బల్ల మీద, అన్ని కులాల పిల్లల చేతుల్లో సుత్తీ ఉండాలి, కీబోర్డూ ఉండాలి.

చేతికి తెలివి లేదన్నది పెద్ద అబద్ధం. తంగేడు చెక్క నానబెట్టిన లందలో పచ్చితోలు కుళ్లకుండా తోలుగా మారడం రసాయన శాస్త్రం. మంట దగ్గర కాచిన డప్పు ఎందుకు బిగుసుకుని మోగుతుందన్నది భౌతిక శాస్త్రం. కంప్యూటరు పుట్టుకలోనూ మగ్గానికి పాలుంది. 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టలతో బట్ట మీద పువ్వు దానంతటదే పడేట్టు మగ్గాన్ని నడిపించాడు. యంత్రానికి ఆజ్ఞ చెప్పే ఆ అట్టలే తర్వాత లెక్కల యంత్రాలకు ఎక్కాయి. మగ్గం మీద బతికిన మాలల మనవడు కంప్యూటరు ముందు కూర్చుంటే అది ఎవరో వేసిన భిక్ష కాదు, వాడి వాటా.

లక్షలు కావాలా? మొదలుపెట్టడానికి అక్కర్లేదు. రెండు రాగి తీగలు, ఒక ట్రాన్సిస్టరు, ఒకటి రెండు చిన్న విడిభాగాలు, ఒక బజరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటే నీళ్ల ట్యాంకు నిండగానే మోగే గంట తయారవుతుంది. నీళ్లు తీగలకు తగిలితే కరెంటు పారుతుంది, బజరు మోగుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక పూటలో చేస్తారు. మొదటిసారి మోగకపోతే ఎందుకు మోగలేదని వెతుకుతారు. ఆ వెతకడమే అసలు చదువు.

బడి గంట కొట్టాక, సెలవుల్లో, బడి మానేసిన పిల్లలకు గ్రంథాలయం ఉండాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు గ్రంథాలయాలకు పోవాలి. చాలాచోట్ల అది వసూలై కూడా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరడం లేదు. పేటవాళ్లు కట్టిన పైసలూ అందులో ఉన్నాయి. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగిన నేల ఇది. ఆ గ్రంథాలయాల గడప మన తాతలు ఎందరు తొక్కగలిగారన్నది వేరే లెక్క. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెక్కించి కాలవ వెంబడి ఊళ్లకు తిప్పారు. పడవ మీద పుస్తకం తిరిగినప్పుడు, ఆటోలో ఒక ట్రంకు పెట్టె తిరగలేదా? అందులో రెండు పాత లాప్‌టాపులు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, తీగలు, బ్యాటరీలు. వారానికో పేట.

ఇప్పుడు కోడు కూడా యంత్రమే రాసేస్తోంది, నేర్చుకోవడమెందుకని చదువుకున్నవాళ్లు కొందరు అడుగుతున్నారు. మేస్త్రి బుక్కు కూడా లెక్క చెప్పింది కదా! అది తప్పని పట్టుకోవడానికి లెక్క తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది. యంత్రం రాసిందాన్ని తప్పు పట్టగలవాడే రేపు దానికి యజమాని. పట్టలేనివాడు మళ్లీ పాలేరు.

కార్యకర్తలారా, తల్లిదండ్రులారా! వచ్చే బడి కమిటీ సమావేశంలో నాలుగు మాటలు అడగండి. కంప్యూటరు గది వారంలో ఎన్ని గంటలు తెరుస్తున్నారు? కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లల్లో మన పిల్లలెందరు, ఆడపిల్లలెందరు? పాడైన పెట్టెలు బాగు చెయ్యడానికి డబ్బు ఎక్కడ? కొత్త ల్యాబులకు మన బడి పేరు పంపారా? పంచాయితీకి వెళ్లి సెస్సు లెక్క అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

దుమ్ము దులపడానికి మన పిల్లల్ని ఆ గదిలోకి పిలిచారు. ఇక పని నేర్చుకోవడానికే వెళతాం. తాళం తియ్యండి!