పాట్‌లోంచి పోయిన పదమూడు

రమ్మీకి అలవాటుపడినవాళ్ళకు పోకర్ మొదట్లో చప్పగా ఉంటుంది. చేతిలో రెండంటే రెండే ముక్కలు. తీసేది లేదు, వేసేది లేదు, జోకరు కోసం ఎదురుచూపూ లేదు. మూడుముక్కలాటలో బ్లైండ్ ఆడినవాడికి మాత్రం కిటుకు వెంటనే అందుతుంది. మంచి ముక్కలు ఉండనక్కర్లేదు, ఉన్నాయని ఎదుటివాడు నమ్మితే చాలు.

ఆన్‌లైన్‌లో ఎక్కువమంది ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్క ఆట చూద్దాం. ఆరుగురు కూర్చునే బల్ల. డీలరు గుర్తు ఆటకొకరి దగ్గరికి జరుగుతూ పోతుంది. ఆ గుర్తుకు ఎడమపక్కనున్న ఇద్దరూ ముక్కలు చూడకముందే డబ్బు పెట్టి తీరాలి. మొదటివాడు 5, రెండోవాడు 10 అనుకుందాం. చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అంటే ఇవే. ఈ బలవంతపు డబ్బే లేకపోతే ఆసుల జత పడేదాకా ఎవరూ కదలరు, ఆట ముందుకు సాగదు.

గుర్తు మీ దగ్గరుంది. మీకు ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది వచ్చాయి. మీకంటే ముందు ఆడాల్సిన ముగ్గురూ ముక్కలు పారేశారు. మీరు 30కి పెంచారు. చిన్న బ్లైండువాడు తన 5 వదులుకుని తప్పుకున్నాడు, పెద్ద బ్లైండువాడు ఇంకో 20 కలిపి నిలబడ్డాడు. మధ్యలో 65 చేరింది. అదే పాట్. ఇప్పుడు బల్లమీద మూడు ముక్కలు తెరుస్తారు, ఫ్లాప్ అంటారు. ఆఠీను రాజు, ఆఠీను ఆరు, కళావరు రెండు పడ్డాయి. ఆ తర్వాత టర్న్ అని ఒకటి, రివర్ అని ఇంకొకటి. ఈ ఐదూ అందరి ఉమ్మడి సొత్తు. మన రెండూ ఇవీ కలిపి ఏడింటిలో ఏ ఐదు గొప్పగా కుదిరితే వాటితోనే పోటీ.

పెద్ద బ్లైండువాడు చెక్ అన్నాడు, అంటే పందెం వెయ్యకుండా మీకు వదిలేశాడు. మీరు 35 వేశారు, అతనూ అంతే పెట్టి కాల్ చేశాడు. పాట్ 135. టర్న్‌లో ఇస్పేటు జాకీ పడింది. ఈసారి అతనే ముందుకొచ్చి 65 వేశాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఈ ఆటలో ఉన్న చదువంతా ఇక్కడే ఉంది. ప్రస్తుతం మీ దగ్గర జత కూడా లేదు. ఇంకో ఆఠీను పడితే మాత్రం ఐదు ఆఠీన్లవుతాయి, దాన్నే ఫ్లష్ అంటారు, గెలుపు దాదాపు ఖాయం. మీరు చూసినవి ఆరు ముక్కలు, చూడనివి 46. వాటిలో ఆఠీన్లు 9. అంటే 19.6 శాతం. మరి ఖర్చో? మీరు 65 పెడితే పాట్ 265 అవుతుంది, అందులో మీ వాటా 24.5 శాతం. అవకాశం కంటే ఖర్చెక్కువ, పారెయ్యడమే మేలు. కానీ అతని దగ్గరున్నది ఉత్త రాజుల జతే అయితే? అప్పుడు పేకలో మిగిలిన మూడు ఆసులూ మీకు పనికొస్తాయి. 46లో 12, అంటే 26 శాతం. కాల్ చెయ్యొచ్చు. ఫ్లష్ పడ్డాక కూడా అతను ఇంకా డబ్బు పెడతాడనుకుంటే లెక్క ఇంకాస్త మీవైపు మొగ్గుతుంది. ఆ మూడు ఆసులూ పనికొస్తాయా రావా అన్నది ఏ ఎక్కమూ చెప్పదు. ఇంతకుముందు ఈ మనిషి ఎలాంటి ముక్కలతో ఎంతెంత వేశాడో గుర్తుపెట్టుకున్నవాడికే తెలుస్తుంది. తెరమీద మొహం కనిపించదు కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి పందేలూ, వాటికి అతను తీసుకున్న వ్యవధీ తప్ప మరేమీ ఉండవు.

కాల్ చేశారనుకుందాం. రివర్‌లో కళావరు మూడు. ఆఠీనూ రాలేదు, ఆసూ రాలేదు. అతను చెక్ అన్నాడు. ముక్కలు చూపిస్తే ఓడిపోతారని మీకు తెలుసు, అందుకే 130 వేశారు. బ్లఫ్. దీనికీ లెక్క ఉంది. 265 ఉన్న పాట్‌కి 130 వేసినప్పుడు అతను మూడుసార్లకు ఒకసారి పారేసినా మీకు నష్టం లేదు. పారేశాడు. మీ 130 మీకు వెనక్కొచ్చింది, పాట్ కూడా మీదే.

అయితే చేతికొచ్చింది 265 కాదు. సైటు తీసుకునే రేక్ ఐదు శాతం అనుకుంటే 13 పోయి 252 మిగిలింది. ఓడినవాడు తను మొదటినుంచీ పెట్టి పోగొట్టుకున్న 130 తలచుకుని కుములుతాడు, గెలిచినవాడు 252 చూసి మురుస్తాడు, ఆ 13 ఇద్దరికీ పట్టదు. పెద్ద బ్లైండ్ కంటే ఎక్కువ సొమ్ము ఒక్క ఆటలో బల్ల దాటిపోయింది, మళ్ళీ రాదు. ఎదురెదురుగా కూర్చుంటే గంటకు పాతిక, ముప్ఫై ఆటలు సాగుతాయి. తెరమీద పేక కలపడానికీ చిప్స్ లెక్కపెట్టడానికీ సమయం పట్టదు గనక అరవై, డెబ్భై తేలిగ్గా అవుతాయి. ఒకేసారి నాలుగు బల్లలు తెరుచుకునేవాళ్ళూ ఉన్నారు. సైటుకు ఎవరు గెలిచినా ఒకటే, ఆటలు ఎక్కువ సాగాలి, అంతే.

నైపుణ్యం లేదని నేననను. 2017లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళ లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళతో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. అది గుడ్డి అదృష్టం కాదు. అదృష్టం పాలెంతో చూడాలంటే 2003కి వెళ్ళాలి. క్రిస్ మనీమేకర్ అనే అమెరికన్ అకౌంటెంటు 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీతో మొదలుపెట్టి, లాస్ వేగాస్‌లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ నెగ్గి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. ఆ ఏడు ఆ పోటీకి వచ్చింది 839 మంది, మరుసటి ఏడు 2,576 మంది. ప్రకటనకర్త కలలో కూడా ఊహించని ప్రచారం!

మరి ఆన్‌లైన్‌లో ముక్కలు కలిపేదీ, రేక్ తీసేదీ ఒకే సైటు, దాన్ని నమ్మడం ఎలా? 1999లో ఒక పోకర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తమ ఆట నిక్కచ్చిగా ఉంటుందని చూపించుకోవడానికి పేక కలిపే పద్ధతిని బయటపెట్టింది. అది కంప్యూటర్ గడియారం మీద ఆధారపడిందని పరిశోధకులు పసిగట్టారు. చేతిలోని రెండు ముక్కలూ ఫ్లాప్‌లోని మూడూ తెలిస్తే చాలు, మిగతావాళ్ళ ముక్కలన్నీ చెప్పగలిగారు. ఆ తర్వాత 2007, 2008లలో అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్ బెట్ సైట్లలో ఎదుటివాళ్ళ ముక్కలు కనిపించే దొంగ ఖాతాలు బయటపడ్డాయి. పాత ఆటల రికార్డులు తవ్వి మోసాన్ని పట్టుకున్నది ఆటగాళ్ళే.

మన దగ్గర మాత్రం యాభై ఏళ్ళకు పైగా ఒకటే గొడవ: నైపుణ్యమా, అదృష్టమా? సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసు దాడితో మొదలైన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా తేల్చింది. వకీళ్ళు 1968 నాటి సత్యనారాయణ కేసు అని చెప్పుకునే ఆ తీర్పును ఆన్‌లైన్ కంపెనీలు తాయెత్తులా కట్టుకు తిరిగాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ముక్కలకు తీసుకునే మామూలు రుసుము తప్పు కాదు గానీ, పందెం కాసే ఆట మీద నిర్వాహకుడు లాభం గుంజుతున్నాడని రుజువైతే, అది రమ్మీ అయినా సరే, నేరం కావచ్చని. దాన్ని ఎవరూ ప్రకటనల్లో వేసుకోలేదు. నిర్వాహకుడు ఎంత లాభం గుంజుతున్నాడన్నదే మొదటినుంచీ అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే పక్కనపెట్టింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది, ఆడేవాళ్ళ జోలికి వెళ్ళలేదు. సరైన పనే. కానీ సర్వరు ఏ దూరదేశంలోనో ఉన్నప్పుడు చట్టం చెయ్యి ఎంతదూరం సాగుతుందన్నది నా అనుమానం.

మీ ఇంట్లో కుర్రాడు ఇంకా అలాంటి విదేశీ సైటేదో తెరిచి ఆడుతుంటే, ఎంత పోగొట్టావని నిలదీయకండి. పోయిందంతా రేపు రాబడతానంటాడు. ఆడిన ఆటల రికార్డు తీసి, ఇప్పటిదాకా రేక్ ఎంత కట్టాడో కూడి చూపించమనండి. పేరున్న పోకర్ సైట్లలో ప్రతి ఆట కిందా ఆ అంకె రాసే ఉంటుంది.