నేల విడిచి సాము

మా ఆపా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి గుడ్లు పెట్టే అర ఉంది. ఆ అరలో, అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా వెనకాల రెండు చిన్న గాజు సీసాలు, కొన్ని సిరంజీలు దొరికాయి. ఆపాకి మొదట వచ్చిన ఖయాల్ షుగర్. "వీడికి షుగర్ వచ్చింది, నాకు చెప్పకుండా దాచాడు, జల్దీ రా" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. షుగరే అయినా బాగుండేది. దానికి ఇలాజ్ ఏమిటో ప్రతి మొహల్లాలో ప్రతి ఖాలాకూ తెలుసు. ఇవి కండలు పెంచే స్టెరాయిడ్లు.

భాంజాకి ఇరవై మూడేళ్లు. రంజాన్ అయ్యాక నికాహ్. షేర్వానీ కొలతలు ఇచ్చే లోపల ఛాతీ రావాలి, చేతులు రావాలి. జిమ్‌లో ట్రైనర్ మూడు నెలల 'షాదీ ప్యాకేజీ' అన్నాడట. అందులో పౌడర్ డబ్బాలు, ఆ తర్వాత 'కోర్స్'. "కుచ్ నై హోతా మామూ, అందరూ తీసుకుంటారు, ఉస్తాద్ ఇచ్చారు" అన్నాడు వాడు. ఉస్తాద్ అనే మాట విని నాకు గుండె మండింది. ఉస్తాద్ అంటే మనకు ఎవరో, ఆ లఫ్జ్‌కి ఎంత ఇజ్జత్ ఉండేదో వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ సీసాలోది ఏం చేస్తుందో సాఫ్‌గా చెబుతాను, ఇళ్లల్లో ఎవరూ చెప్పరు కాబట్టి. బయటి నుంచి హార్మోన్ పోస్తే శరీరం తన హార్మోన్ తయారు చేయడం తగ్గిస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి. వీర్యకణాలు పడిపోతాయి. కొందరికి ఛాతీ ఆడపిల్లకు పెరిగినట్టు పెరుగుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గి గుండె మీద భారం పడుతుంది. నికాహ్ కోసం మొదలుపెట్టిన మందు చివరికి ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. రేపు ఔలాద్ లేకపోతే అందరూ కోడలి వైపే వేలు చూపిస్తారు. ఈ సీసా సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను డాక్టర్‌ని కాను, పహిల్వాన్‌ని అసలే కాను. రాత్రి డెస్క్‌లో పాతికేళ్లు కూర్చుని వీపు వంగిన జర్నలిస్టుని. నలభై ఒకటో ఏట, అమ్మీ బట్టల ట్రంకు పెట్టె అటక మీద పెట్టబోయి సగంలో ఆగిపోయాను. భుజం పైకి పోలేదు. అమ్మీ కిందనుంచి స్టూల్ పట్టుకుని "నక్కో బేటా, దించేయ్" అంది. ఆ షర్మ్‌తో జిమ్‌కి పోయాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే వ్యాయామం గురించి చెబుతాను: రెండు కాళ్ల మీద నిలబడి, ఇనుప రాడ్‌ని భుజాల దగ్గరి నుంచి నెత్తి మీదికి ఎత్తడం. ఓవర్‌హెడ్ ప్రెస్. మన పిల్లల్ని ఆ సీసాల దాకా తీసుకుపోయే జల్దబాజీకి దీనికంటే మంచి తోడ్ నాకు కనబడలేదు.

ఆ ఆదివారం భాంజాని వాడి జిమ్‌లోనే పట్టుకున్నాను. వాడు బెంచ్ మీద పడుకుని తొంభై కిలోలు తోస్తాడు. నిలబడి ఎత్తు అన్నాను. ముప్పై అయిదు దగ్గర మోకాళ్లు వంచి, నడుం వెనక్కి విల్లులా వంచి, ఎలాగో ఎత్తాడు. నలభై ఎత్తలేకపోయాడు. సరిగ్గా సాధన చేసేవాళ్లకి నిలబడి ఎత్తేది బెంచ్‌లో మూడింట రెండు వంతులకి అటూ ఇటూగా ఉంటుంది. వీడికి సగం కూడా లేదు. పడుకున్నప్పుడు వీపుని బెంచ్ మోస్తుంది. కూర్చునే మెషీన్‌లో సీటు మోస్తుంది. నిలబడితే పాదం, పిక్క, తొడ, పిరుదు, పొట్ట, నడుం అన్నీ హాజిరీ వేయించుకోవాలి. ఒక్కటి గైర్‌హాజిర్ అయినా రాడ్ కదలదు. నేల విడిచి సాము అని తెలుగులో ఒక మాట ఉంది. మన జిమ్‌లు ఆ మాటకి లక్షలు పెట్టి మెషీన్లు కొన్నాయి.

ఇది ఫిరంగీల కొత్త ఫ్యాషన్ అనుకునే బుజుర్గ్‌లకు ఒక మాట. మా రాయలసీమ పల్లెల్లో బండి ఇరుసు ఎత్తే పోటీలు, గుండు ఎత్తే పోటీలు ఉన్నాయి. తాలీంఖానా అనే మాట తెలుగు వాడిదా తురక వాడిదా అని ఎవరూ అడగలేదు, ఇద్దరూ అక్కడే ముగ్దర్ తిప్పారు. ఒలింపిక్స్‌లో 1928 నుంచి 1972 దాకా బరువులెత్తే పోటీలో మూడు అంశాలుండేవి. మొదటిది ఈ ప్రెస్సే. 1936లో బెర్లిన్‌లో ఈజిప్టు వాడు ఖదర్ అల్ తూనీ 75 కిలోల విభాగంలో మూడూ కలిపి 387.5 కిలోలు ఎత్తాడు. అతని పై విభాగంలో, 82.5 కిలోల వాళ్లలో బంగారు పతకం గెలిచినవాడి మొత్తం 372.5. అంటే తనకంటే బరువైన ఛాంపియన్ కంటే పదిహేను కిలోలు ఎక్కువ. మన కుర్రాళ్ల గోడల మీద అల్ తూనీ బొమ్మ ఎక్కడా చూడలేదు. ఇంజెక్షన్ల బాడీబిల్డర్లవే ఉన్నాయి.

మరి ప్రెస్‌ని ఎందుకు తీసేశారు? నడుం వెనక్కి వంచడం పెరిగిపోయి, నిలబడే పడుకున్నట్టు ఎత్తడం మొదలైంది. ఏది సరైనదో ఏది కాదో జడ్జీలు తేల్చలేకపోయారు. మ్యూనిక్ తర్వాత ఎత్తేశారు. మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలతో కాంస్యం తెచ్చే నాటికి మిగిలింది రెండు అంశాలే. పోటీ నుంచి పోయింది కాబట్టి జిమ్ నుంచి కూడా పోయినట్టుంది. ఇప్పుడు భాంజా చేసినదీ అదే, నడుం వంపే.

ఇక అసలు ఝగడా. రాడ్ ఒక్కటే 20 కిలోలు. భాంజా జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు రెండున్నర కిలోలది. రెండు వైపులా వేయాలి కాబట్టి ప్రతి మెట్టూ అయిదు కిలోలు. వంద కిలోలతో బైఠక్ తీసేవాడికి అయిదంటే నూటికి అయిదు, తట్టుకుంటాడు. ముప్పై ఎత్తేవాడికి అయిదంటే దాదాపు పదిహేడు శాతం. ప్రెస్‌లో పనిచేసేవి చిన్న కండరాలు, భుజం, చేతి వెనక భాగం. తొడల్లాగా ఒకేసారి అంత మెట్టు ఎక్కలేవు. కుర్రాడు నెల రోజులు ముప్పై దగ్గర ఉంటాడు, ముప్పై అయిదు వేస్తాడు, పడిపోతాడు, మళ్లీ ముప్పై. రెండు నెలలకి దిల్ విరిగిపోతుంది. సరిగ్గా అప్పుడు ట్రైనర్ వచ్చి భుజం తడతాడు, "నీ బాడీకి ఇంతే, ఇక సామాన్ కావాలి" అని. జిస్మ్‌కి ఏ లోపమూ లేదు జనాబ్, అర కిలో ఇనుము లేదంతే.

చిన్న ప్లేట్లు ఎందుకు పెట్టరని ఆ యజమానిని అడిగాను. "ఎవరడుగుతారు సార్" అన్నాడు. నిజమే, అర కిలో ప్లేటుతో సెల్ఫీ ఎవరు దిగుతారు? నేను లేత్ షాపు భాయ్ దగ్గరికి పోయి, రాడ్ కొలత ఇచ్చి, నాలుగు బిళ్లలు కోయించాను. ఒక్కోటి అర కిలో. పక్కన చికెన్ దుకాణం కాటా మీద తూచాం. ఒకటి 505 గ్రాములు, ఒకటి 495. దుకాణం వాడు నవ్వి, "వీటిని వండుతారా భాయ్" అన్నాడు. అవే నా జేబులో మూడేళ్లుగా తిరుగుతున్నాయి.

ఉత్త రాడ్‌తో మొదలుపెట్టి వారానికి ఒక కిలో పెంచాను. పదహారు వారాల్లో ముప్పై ఆరు. ముప్పై ఏడు దగ్గర మూడు వారాలు మొండికేసింది. అప్పుడు పదో వంతు తగ్గించి ముప్పై మూడు నుంచి మళ్లీ ఎక్కాను, ఈసారి అర కిలో చొప్పున, అంటే రెండు వైపులా పావు కిలో. ఆ బిళ్లలు ఇంకో రెండు చేయించాల్సి వచ్చింది. ఈ వారం యాభై రెండున్నర. నా బరువు డెబ్బై ఒకటి. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అమ్మీ ట్రంకు మాత్రం అటక మీద ఉంది.

వారానికి రెండు రోజులు చాలు. ఒక రోజు బరువుగా, అయిదు సార్ల చొప్పున మూడు నాలుగు విడతలు. ఇంకో రోజు తేలిగ్గా, ఎనిమిది సార్ల చొప్పున. రాడ్‌ని భుజాల కంటే కొంచెం వెడల్పుగా పట్టుకోవాలి, ముంజేతులు నిట్టనిలువుగా ఉండాలి, మోచేతులు రాడ్‌కి కాస్త ముందుకి. పిరుదులు బిగించాలి, నడుం వంగకుండా కాపాడేది అదే. తల కొద్దిగా వెనక్కి తీసి రాడ్‌కి దారివ్వాలి, నుదురు దాటగానే తల ముందుకి రావాలి. పైన చేతులు చెవుల పక్కన, రాడ్ పాదాల మధ్యకి సరిగ్గా పైన. శ్వాస కింద పట్టి పైన వదలాలి. బీపీ ఉన్నవాళ్లు ఇలా శ్వాస బిగబట్టే ముందు డాక్టర్‌ని అడగాలి, ఇది మజాక్ కాదు. ఎత్తినంత బరువు వీపు వైపు కూడా లాగాలి, రోయింగో పులప్పో ఏదో ఒకటి. రంజాన్‌లో పెంచకండి, ఉన్నదాన్ని నిలబెట్టుకుంటే చాలు. తిండి మన ఇంట్లోనే ఉంది: గుడ్లు, పప్పు, గోష్, పెరుగు. పౌడర్ విషమేమీ కాదు, అది పాల నుంచి తీసిన ప్రోటీనే. కానీ అప్పు చేసి కొనేంత వస్తువు కూడా కాదు.

"నెత్తి మీదికి ఎత్తితే భుజాలు పోతాయి" అనే ట్రైనర్లకు నా జవాబు: భుజం పైకి పోవడానికే ఉంది. సీలింగ్ ఫ్యాన్ తుడిచినప్పుడు, బస్సులో సంచీ పైన పెట్టినప్పుడు, బిడ్డని ఎత్తుకుని ఆడించినప్పుడు ఎక్కడికి పోతుంది? ముందు ఉత్త చేతులు నడుం వంచకుండా చెవుల దాకా లేస్తాయో లేదో చూడండి. లేవకపోతే అది సరిచేసుకోండి. నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించండి. రాడ్‌ని మెడ వెనక నుంచి ఎత్తడం మాత్రం మానండి, చాలామంది భుజాలకి అది పడదు. పాడయ్యేది ఎక్కువగా తొందరతో, వంకర నడుంతో.

ఆడవాళ్ల సంగతి ఒక్క మాట. మా బేగం ఇంట్లో పది కిలోల రాడ్‌తో చేస్తుంది. మొదట్లో గుసగుసలు వచ్చాయి, భుజాలు మగాడిలా అవుతాయని. ఆమె నీళ్ల బిందెలు మేడ మీదికి మోసినన్నాళ్లూ ఎవరికీ ఆ ఫికర్ లేదు. నలభై దాటిన ఆడదాని ఎముకకి బరువు అవసరం. పది కిలోల దగ్గర అయిదు కిలోల మెట్టు అంటే సగం. అర కిలో బిళ్లలు అందరికంటే ఆమెకే ఎక్కువ కావాలి.

అబ్బాలకు, అమ్మీలకు అర్జీ: 'మూడు నెలల్లో తయారు చేస్తాం' అనే వాడికి ఫీజు కట్టే ముందు జిమ్‌లోకి నడవండి. నిలబడి ఎత్తే పిల్లలు ఎంతమంది ఉన్నారో, అన్నిటికంటే చిన్న ప్లేటు ఎంతదో అడగండి. సిగ్గుపడకండి. కాలేజీలో చేర్చేటప్పుడు పాస్ పర్సెంటేజీ అడిగే మనం దీనికెందుకు మొహమాటపడాలి? బదులుగా పౌడర్ డబ్బాల అద్దాల బీరువా చూపిస్తే, పిల్లాడి చేయి పట్టుకుని బయటికి రండి.

భాంజా డాక్టర్ దగ్గరికి వచ్చాడు. ఈ మందు మధ్యలో వదిలేయడం కూడా సొంతంగా చేయకూడదు, అందుకే తీసుకుపోయాను. రక్త పరీక్షలు అయ్యాయి, మూడు నెలల తర్వాత మళ్లీ చేయాలన్నారు. నికాహ్ తారీఖు మార్చలేదు. షేర్వానీ రెండు ఇంచులు వదులుగా కుట్టించమని టైలర్‌కి నేనే చెప్పాను, వాడు మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడు వారానికి రెండు సార్లు నాతో వస్తున్నాడు, నడుం వంచకుండా ముప్పై ఒకటి ఎత్తాడు. నా బిళ్లల్లో రెండు వాడి దగ్గరే ఉన్నాయి. తిరిగి అడగలేదు, లేత్ షాపులో ఇంకో నాలుగు చెప్పాను.