పిల్లికీ ఓ డాక్టరా?

పిల్లికి జబ్బు చేసింది, డాక్టరుకి చూపిస్తానంటే మన ఇళ్ళల్లో ముందు వినిపించేది నవ్వు. "మనుషులకే దిక్కులేదు, పిల్లికి డాక్టరా?" అంటారు మామగారు. "రెండ్రోజులు చూడు, అదే తగ్గిపోతుంది" అంటారు శ్రీవారు. ఇక పక్కింటి దయామయి ఒకావిడ ఉంటుంది. "ఖర్చు పెట్టుకోలేనివాళ్ళు అసలు పెంచడమెందుకండీ?" అని చురక వేస్తుంది. వీళ్ళందరి మధ్యా నలిగేది, నెలాఖరున పోపులడబ్బాలో మిగిలిన నోట్లు లెక్కపెట్టుకునే ఇల్లాలు.

వీళ్ళెవరి మాటా వినక్కర్లేదంటాను నేను. గోడ దూకి వచ్చిన పిల్లి మన బ్యాంకు పుస్తకం చూసి రాలేదు. వచ్చింది, పాలు తాగింది, పిల్లల పక్కలో పడుకుంది. ఇక అది మన ఇంటిదే. తాహతు తక్కువైన ఇంట్లో, ఏ జబ్బు ఆగుతుందో ఏది ఆగదో ఇల్లాలికి తెలిసుండాలి.

మగపిల్లి మాటిమాటికీ మట్టిలో కూర్చుని ముక్కుతోందా? అరుస్తోందా? ఒక్క చుక్కయినా రావడంలేదా? మలబద్ధకం కాబోలని ఆముదం పట్టించకండి. మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. అదే అయితే ఒంట్లో విషం చేరి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే, ఆటో పిలవాల్సిందే. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, ఉన్నట్టుండి వెనక్కాళ్ళు ఈడుస్తున్నా, మూర్ఛలొచ్చినా, ఎలుకలమందు తిన్నదని అనుమానమొచ్చినా అంతే.

వెంట్రుకల ఉండ ఒకసారి కక్కి, మళ్ళీ గిన్నె దగ్గరికి పరుగెత్తిందనుకోండి, డాక్టరక్కర్లేదు. తుమ్ముతున్నా తింటూ తిరుగుతుంటే రేపటిదాకా ఆగొచ్చు. రోజంతా ముద్ద ముట్టకపోతే మాత్రం డాక్టరుకి ఫోను చేసి అడగాలి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి, అందులోనూ బొద్దుపిల్లికి, కాలేయం చెడిపోవచ్చు. శ్రీవారి "రెండ్రోజులు చూడు" ఇక్కడే కొంప ముంచేది!

ఖర్చు తప్పుతుంది కదా అని మన పారాసిటమాల్ బిళ్ళ నూరి పొయ్యకండి. పిల్లి ప్రాణం తియ్యడానికి ఒక్క బిళ్ళ చాలు.

సర్కారు పశువుల ఆసుపత్రి ఆవులకీ గేదెలకీ మాత్రమే అనుకోకండి. పగటిపూటయితే ముందు అక్కడికే వెళ్ళండి. ప్రైవేటు డాక్టరయితే, పిల్లిని బల్లమీద పెట్టకముందే, "డాక్టరుగారూ, నా దగ్గర ఇంతే ఉంది. దీని ప్రాణం నిలబడ్డానికి ఇవాళ తప్పనిసరిగా చెయ్యాల్సిందేమిటి?" అని అడిగెయ్యండి. చీరల కొట్లో గంటసేపు బేరమాడే మనకి ఇక్కడ నోరు పెగలదెందుకో!

ఆశ లేదని డాక్టరు చెబితే, వైద్యం మన శక్తికి మించిందని తేలితే, బాధ లేకుండా సాగనంపమని అడగడం కూడా పాపం కాదు. మంచం కింద అది మూలుగుతుంటే వినపడకుండా టీవీ సౌండు పెంచుకుంటామే, అదీ పాపం!