దిండు మెత్తగా ఉంటే సరిపోదు

పరుపు కొనాలంటే ఇంటిల్లిపాదీ కలిసి నాలుగు దుకాణాలు తిరుగుతాం. పడుకుని చూస్తాం. బేరమాడతాం. వారంటీ ఎన్నేళ్లో అడుగుతాం. దిండు దగ్గరికొచ్చేసరికి పరుపుతో ఉచితంగా ఏదిస్తే అదే తెచ్చుకుంటాం. ఆ తర్వాత గలీబులు మారుతుంటాయి గానీ దిండు మారదు. రాత్రంతా ముఖం ఆనించి పడుకునే వస్తువు విషయంలో ఇంత నిర్లక్ష్యం తగదు.

ఒకసారి గలీబు తీసి చూడండి. పచ్చటి మరకలు కనిపిస్తాయి. అవి తలనూనె, చెమట, లాలాజలం ఇంకినవి. కంటికి కనిపించనివీ ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే డస్ట్‌మైట్స్‌ అనే సూక్ష్మజీవులకు దిండు మంచి నివాసం. గాలిలో తేమ ఎక్కువైతే ఇవి బాగా పెరుగుతాయి. వీటి విసర్జకాలు పడనివారికి పొద్దున లేవగానే వరస తుమ్ములు, ముక్కుదిబ్బడ. ఆస్తమా ఉంటే ఆయాసం పెరగొచ్చు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

అందుకే దిండు ఎంత మెత్తగా ఉందని కాదు, లోపల ఏముంది, దాన్ని శుభ్రం చేయడం మన ఇంట్లో కుదురుతుందా అని చూసి కొనాలంటాను.

పత్తి దూది దిండు చల్లగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. కానీ నాళ్లు గడిచేకొద్దీ ఉండలు కడుతుంది. దిండునంతా నీళ్లలో ముంచితే లోపలి దూది త్వరగా ఆరదు, బూజు పడుతుంది. వెనకటి తరం ఈ దిండుతో సుఖపడిందంటే కారణం దూది ఒక్కటే కాదు. అప్పుడప్పుడూ మిద్దె మీద ఎండలో వేసేవారు. దూది ఏకేవాళ్లు వీధిలోకి వస్తే ఏకించి మళ్లీ కుట్టించేవారు. ఆ పని చేయించలేనప్పుడు పత్తి దిండు మంచిదని చెప్పుకొని లాభం లేదు.

బూరుగు దూది తేలిక. పోగు మీద మైనం లాంటి పూత ఉండటంతో తడి త్వరగా పట్టదు. అయితే తొందరగా అణిగిపోతుంది, ఉతకడానికి పనికిరాదు.

పాలిస్టర్‌ ఫైబర్‌ దిండ్లు చవక. చాలావాటిని మెషీన్‌లో ఉతకొచ్చు. ఏడాది, రెండేళ్లలో చదునైపోవడం వీటి లోపం. మధ్యకు మడిచి వదిలితే తిరిగి లేవలేదంటే మార్చేయాల్సిందే. తుమ్ములు, ఆస్తమా ఉన్న ఇంటికి నా ఓటు దీనికే. మూడు నాలుగు నెలలకోసారి ఉతికి, పూర్తిగా ఆరనిస్తే చాలు.

మెమరీ ఫోమ్‌ 1960ల్లో నాసా కోసం, విమాన సీట్ల పరిశోధనలో పుట్టింది. ఒంటి వేడికి మెత్తబడి మెడ ఆకారానికి ఒదుగుతుంది. ఆ వేడిని పట్టి ఉంచుతుంది కూడా. ఏసీ లేని గదిలో, మే నెలలో అది హాయినివ్వదు. పైతొడుగు ఉతకొచ్చు గానీ ఫోమ్‌ను నీళ్లలో వేయకూడదు.

రబ్బరు పాలతో చేసే లేటెక్స్‌ ధర ఎక్కువే అయినా ఎత్తు త్వరగా కోల్పోదు. పక్కకు తిరిగి పడుకునేవారికి చెవికీ భుజానికీ మధ్య ఖాళీని తెల్లారేదాకా నింపి ఉంచే దిండు కావాలి. వారికి ఇది నప్పుతుంది. వెల్లకిలా పడుకునేవారికి పలుచనిది చాలు. లేటెక్స్‌ను ఎండలో పెట్టకూడదు. రబ్బరు పడనివారు దీని జోలికి వెళ్లొద్దు.

ఒక్క దిండు మాత్రం అసలు వద్దంటాను. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని అమ్మమ్మలు ప్రేమగా కుట్టే ఆవాల దిండు. ఏడాదిలోపు పిల్లల పక్కలో ఏ దిండూ ఉండకూడదని అమెరికన్‌ అకాడమీ ఆఫ్‌ పీడియాట్రిక్స్‌ చెబుతోంది. ముక్కుకు అడ్డుపడితే పక్కకు తిప్పుకునే శక్తి ఆ వయసులో ఉండదు. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, తల ఓసారి ఇటు, ఓసారి అటు ఉండేలా చూడండి. మెలకువగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండి కాసేపు బోర్లా పడుకోబెట్టండి. తల ఆకారం గురించి అనుమానం ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఈసారి దిండు కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. లోపల ఏముంది? ఎలా ఉతకాలి? ఎన్నాళ్లకు మార్చాలి? దుకాణదారు ‘చాలా మెత్తగా ఉంటుందండీ’ అని మాత్రమే చెబితే, లేబుల్‌ చదివాకే డబ్బు తీయండి.