వేసుకోవడం వచ్చు.. తీయడం వచ్చా?

2020 ఏప్రిల్‌లో నేనో యాప్ చేశాను. ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్, కాలేజీకి తాళం. ఎప్పుడూ లారీలతో, బస్సులతో కిటకిటలాడే మా బొంగులూరు గేటు దగ్గర బండి చప్పుడే లేదు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, ఆస్పత్రి సిబ్బంది కోసమని ఇరవై ప్రశ్నల క్విజ్ రాశాను. శానిటైజర్‌తో చేతులు ఎన్ని సెకన్లు రుద్దుకోవాలి? ఎన్95 మాస్కు ఎప్పుడు తప్పనిసరి? ఏ చెత్త ఏ రంగు సంచిలోకి వెళ్లాలి? ఓ ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా పెద్దమ్మ కూతురికి పంపితే, ఆమె వార్డులో అందరికీ ఫార్వర్డ్ చేసింది. అందరికీ మార్కులు బాగానే వచ్చాయి. దేశసేవ చేసేసినంత ఫీలింగ్‌తో బ్లాగులో పోస్టు కూడా పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే ఆ వార్డులో ముగ్గురికి పాజిటివ్ వచ్చింది. అందులో మా అక్క ఒకరు. క్వారంటైన్ నుంచి ఫోన్ చేసి ఆమె అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నీ ప్రశ్నలన్నీ కిట్టు ఏస్కునేటప్పటియే తమ్మీ. తీసేటప్పుడు సంగతి ఒక్కటన్న అడిగినవా?"

అడగలేదు. ఎందుకంటే నాకూ తెలియదు.

పీపీఈ కిట్టు వేసుకునేటప్పుడు మనిషి శుభ్రంగా ఉంటాడు, కిట్టూ శుభ్రంగా ఉంటుంది. ఎక్కడ పట్టుకున్నా పెద్ద ప్రమాదం లేదు. ఆరు గంటల డ్యూటీ తర్వాత లెక్క తిరగబడుతుంది. గ్లవ్స్ బయటి వైపు, గౌను ముందు భాగం, ఫేస్‌షీల్డ్, అన్నీ వైరస్ ఉన్నట్టే భావించాలి. గౌను బయటి వైపు ఒంటికి తగలకుండా లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ తీయాలి. మాస్కు చివర్లో, రోగి గదిలోంచి బయటికి వచ్చాక, ముందు భాగం ముట్టుకోకుండా పట్టీలు పట్టుకుని తీయాలి. మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేసుకోవాలి. రాస్తే నాలుగు వాక్యాలే. కానీ మే నెల ఎండలో, చెమటతో తడిసి, అద్దాలు మసకబారి, గంటల తరబడి గుక్కెడు నీళ్లు కూడా తాగని మనిషి చేయాల్సిన పని అది. ఆ రెండు నిమిషాల్లో ఎవరికైనా ముందు మొహం తుడుచుకోవాలనే అనిపిస్తుంది.

ఇదేమీ కరోనాతో కొత్తగా తెలిసిన విషయం కాదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు ప్రపంచవ్యాప్తంగా నమోదైన 8,096 కేసుల్లో దాదాపు ఐదింట ఒకటి వైద్య సిబ్బందిదే. 2018లో కేరళలో నిపా రోగికి సేవ చేసిన పేరాంబ్ర తాలూకా ఆస్పత్రి నర్సు లిని ఆ వైరస్‌కే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి అది నిపా అని ఎవరికీ తెలియదు. రోగమేంటో తేలాక తీసుకునే జాగ్రత్తల కన్నా, తేలకముందు ప్రతి రోగి దగ్గరా తీసుకునే మామూలు జాగ్రత్తలే ముఖ్యమని చెప్పేది ఇందుకే.

నా క్విజ్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. కరోనా గాలి ద్వారా వ్యాపిస్తుందా అన్న ప్రశ్నకు 'కాదు' అన్నది సరైన జవాబుగా పెట్టాను. నా సొంత కవిత్వం కాదు లెండి. 2020 మార్చి చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే గట్టిగా చెప్పింది. తర్వాత ఆ మాట మార్చుకోక తప్పలేదు. ఈలోగా మనం కూరగాయలు కడిగాం, గేట్లకు హైపోక్లోరైట్ కొట్టాం. చాలాచోట్ల నర్సులు మాత్రం వార్డులో అన్నీ పాటించి, కిటికీ లేని చిన్న గదిలో మాస్కులు తీసి పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. మా అక్క వాళ్ల డైనింగ్ రూమ్ అలాంటిదే. తనకు వైరస్ గౌను నుంచి అంటిందో, టిఫిన్ డబ్బా దగ్గర అంటిందో ఇప్పటికీ తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంటే అప్‌డేట్ ఇస్తాం. ఆస్పత్రి సిబ్బందికి నేర్పిన పాఠంలో బగ్ ఉంటే దాన్ని నైట్ డ్యూటీలో ఉన్న ఆయమ్మ దాకా ఎవరు తీసుకెళ్తారు? సర్క్యులర్ సూపరింటెండెంట్ టేబుల్ దాకా వస్తుంది. మెట్ల మీద మాప్ పెట్టే మనిషి దాకా రాదు. వాడి పారేసిన కిట్లున్న సంచిని మోసేది మాత్రం ఆ మనిషే.

కేంద్రం 2020 ఏప్రిల్‌లో 'ఐగాట్' పేరుతో ఆన్‌లైన్ శిక్షణ పెట్టింది. డాక్టర్ల నుంచి ఆశా కార్యకర్తల దాకా వీడియో పాఠాలు అందుబాటులోకి వచ్చాయి. ఆ సమయంలో అది అవసరమే, తప్పు పట్టను. కాకపోతే వీడియోను మనం చూస్తాం గానీ, మన చేతులు ఏం చేస్తున్నాయో వీడియో చూడదు.

తెలిసినా సామాను ఉండాలి కదా అన్నది మరో సంగతి. కరోనా మొదలైనప్పుడు మన దేశంలో పీపీఈ కిట్ల తయారీయే లేదు. మే నాటికి రోజుకు రెండు లక్షల కిట్లు తయారవుతున్నాయని ప్రధాని ప్రకటించారు. ఆ మధ్య కాలంలోనే, ఏప్రిల్‌లో, నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టరు మాస్కులు సరిపడా ఇవ్వడం లేదని బహిరంగంగా మాట్లాడి సస్పెండ్ అయ్యారు. ఏ జాగ్రత్త అవసరమో ఆయనకు బాగా తెలుసు. తెలిసిన మనిషి అడిగితే ఏమవుతుందో మిగతా సిబ్బంది అంతా చూశారు. క్విజ్‌లు ఇలాంటివి కొలవలేవు.

ఇప్పుడు మా ఇబ్రహీంపట్నం దగ్గరికి వస్తాను. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు రోజుల వ్యవధిలో చనిపోయారు. కారణం ఇన్ఫెక్షన్. మిగిలిన వాళ్లను హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. విచారణ జరిగింది, చర్యలూ తీసుకున్నారు. ఇది వైరస్ కథ కాదు, నిజమే. కానీ తేదీ చూడండి. రెండేళ్లకు పైగా దేశమంతా చేతులు కడుక్కోవడం గురించే మాట్లాడి, ప్రతి ఆస్పత్రి గోడ మీదా ఆ పోస్టర్లే అతికించాక జరిగింది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అనేది కరోనాతో వచ్చి కరోనాతో పోయే సబ్జెక్టు అనుకున్నామా? ఆ నలుగురూ జబ్బు చేసి ఆస్పత్రికి వెళ్లినవాళ్లు కాదు. పిల్లల తల్లులు, ఆరోగ్యంగా నడుచుకుంటూ వెళ్లారు.

ఈ పేజీ చదివేవాళ్లలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరబోయేవాళ్లు చాలామందే ఉంటారు. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగ్, హాస్టల్, ప్లేస్‌మెంట్స్ గురించి ఎలాగూ అడుగుతారు. స్కిల్ ల్యాబ్ తలుపు తీయించి చూడండి. మాస్కు మొహానికి సరిగ్గా కూర్చుందో లేదో ఊపిరి వదిలి ఎలా చూసుకోవాలో ఎవరైనా చేయించి నేర్పిస్తారా, రాయించి వదిలేస్తారా అడగండి. ఉద్యోగం ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఇంకో రెండు అడగొచ్చు: మీ ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉన్నారా? సూది గుచ్చుకుంటే అర్ధరాత్రి ఎవరికి చెప్పాలి? రెండో ప్రశ్నకు హెచ్ఆర్ తడబడితే మీకు కొంత అర్థమైనట్టే. అన్నట్టు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అనేది ప్రత్యేకమైన ఉద్యోగం. ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఆస్పత్రిలో ఆ బాధ్యత చూసేవాళ్లు ఉండాలి. పరికరాలను స్టెరిలైజ్ చేసే సీఎస్ఎస్‌డీ విభాగంలో టెక్నీషియన్లకూ పని ఉంటుంది. మన దగ్గర వీటిని కెరీర్‌గా చూసేవాళ్లు తక్కువ.

ఇక నా తోటి ఇంజినీర్లకు. ఆదిభట్ల నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఈ రోడ్డు పొడుగునా మనమే ఉన్నాం. హెల్త్ టెక్ ప్రాజెక్టు అనగానే యాప్ తెరవకండి. నేను తెరిచాను, ఏమైందో చెప్పాను కదా.

అక్క కోలుకున్నాక నేను చేసిన పనికి ఖర్చు మూడొందలు దాటలేదు. పసుపు హైలైటర్ ఇంకును చేతులకు రాసుకునే లోషన్‌లో కలిపాను. దొంగ నోట్లు చూసే యూవీ టార్చ్ ఒకటి కొన్నాను. అక్క గ్లవ్స్‌కీ గౌనుకీ ఆ లోషన్ పూసి, రోజూ తీసినట్టే తీయమన్నాను. తీసింది. లైట్లు ఆర్పి టార్చ్ వేస్తే ఎడమ మణికట్టు చుట్టూ గాజులా మెరిసింది, చెవి కింద ఓ గీత, మెడ మీద రెండు వేళ్ల ముద్రలు. అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో గౌను తీసుకుని "మళ్ల పూయి" అంది. నాలుగోసారికి మణికట్టు ఒక్కటే మిగిలింది.

శిక్షణల్లో మెరిసే పొడులతో ఇలాంటి పరీక్షలు చేయిస్తారని నాకు తర్వాత తెలిసింది. నేను కనిపెట్టిందేం లేదు. కానీ అక్కకు అన్నేళ్ల సర్వీసులో ఎవరూ చేయించలేదు. ఇప్పుడు ఆమె వేరే ఆస్పత్రిలో ఉంది. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ, ఆయమ్మలకూ, వార్డ్ బాయ్‌లకూ మొదటి వారంలోనే ఆ టార్చ్ పరీక్ష పెడుతోంది. మొన్న ఆదివారం ఫోన్ చేసింది. హైలైటర్లు అయిపోయినయంట, వచ్చేటప్పుడు ఓ డబ్బా పట్టుకురమ్మంది.