క్రోషియా గ్రూపుల్లో మెచ్చుకోలు సరే... కూలీ మాటేమిటి?

పాములపాడు, ఆత్మకూరు వైపు ఇళ్లలో జొహర్ నమాజు అయ్యాక ఆడవాళ్లకు దొరికేది రెండు గంటల తీరిక. ఒకప్పుడు ఆ టైములో క్రోషియా సూది చేతికొచ్చేది. నమాజు టోపీ, పాపకు ఫ్రాకు, టీవీ మీద గుడ్డ అల్లేవాళ్లు. నానీమా దగ్గర నేర్చుకున్నది కూతురికి వచ్చేది. ఇప్పుడు నేర్పేది ఫోను. యూట్యూబులో చేతులు మాత్రమే కనిపించే వీడియోలు, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు, ఫేస్‌బుక్‌లో వేలమంది సభ్యులు. ముఖం చూపించనక్కర లేదు, గడప దాటనక్కర లేదు. పర్దా పాటించే ఇళ్లలోకి కూడా ఈ గ్రూపులు తేలిగ్గా వచ్చేయడానికి కారణం అదే.

ఇలాంటి గ్రూపులను కాలక్షేపమని కొట్టిపారేయలేం. చెన్నైలో సుభాశ్రీ నటరాజన్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' సభ్యులు ఎవరింట్లో వాళ్లు ముక్కలు అల్లి పంపారు. అన్నీ కలిపితే 2016 జనవరిలో 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి అయింది. మన లెక్కలో రెండు ముప్పావు ఎకరాలు! గిన్నిస్ రికార్డు వచ్చింది. తర్వాత దాన్ని విడదీసి పేదలకు పంచారు.

అయితే చిక్కు మెచ్చుకోలు దగ్గర లేదు, ధర దగ్గర ఉంది. ఒక టోపీకి ఆరు గంటలు పట్టిందనుకుందాం. దారం 60 రూపాయలు, అమ్మింది 150కి. మిగిలింది 90, అంటే గంటకు 15. ఎనిమిది గంటలు కూర్చున్నా 120 రూపాయలే. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలీ 307. "ఇంట్లో ఖాళీగా ఉండేదే కదా ఆపా, ఆ మాత్రం చాలు" అని బేరమాడేవాళ్లు ఈ లెక్క చూడరు. అల్లేవాళ్లూ చాలాసార్లు చూసుకోరు.

ఈ మాట కొత్తది కాదు. నరసాపురం లేసు చరిత్ర నిండా ఉన్నది ఇదే. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు గోదావరి తీరంలో ఆ పని నేర్పారని చెబుతారు. విదేశాలకు ఎగుమతయ్యే లేసు అల్లింది ఇళ్లలోని ఆడవాళ్లు, లాభం తిన్నది దళారులు, ఎగుమతి వ్యాపారులు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఈ ముడి విప్పి చూపించారు: వాళ్లను కార్మికులు అనకుండా గృహిణులు అనడం వల్లే కూలీ అంత తక్కువ. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు కాపాడటానికి అది పనికొస్తుంది. కూలీ ఎంతివ్వాలో మాత్రం అది చెప్పదు.

ఫోను దళారిని తప్పించగలదా? కొంతవరకు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా పాన్‌తో ఎన్‌రోల్ అయి, సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్ముకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. ఇంకో బలం: అసలు క్రోషియా కుట్టు అచ్చంగా వేసే మిషను బజారులో లేదు. దొరికే మిషను లేసు వేరే అల్లిక, చూపుకు మాత్రం ఒకలాగే ఉంటుంది. ఆ తేడా కొనేవాళ్లకు చెప్పాల్సింది అల్లినవాళ్లే. ముందు డిపాజిట్ కట్టమనే 'ఇంట్లో పని' మెసేజ్‌లకు మాత్రం దూరంగా ఉండటం మేలు. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగడమేమిటి?

ఇక సర్కారు సంగతి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాళ్లున్నారు, పూలదండలు కట్టేవాళ్లున్నారు. తొలి విడతలో లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి దొరుకుతుంది. వల అల్లితే వృత్తి. లేసు అల్లే ఆవిడ పేరు ఆ జాబితాలో లేదు.