అచ్చమాంబను ఏ అక్షరాలతో వెతకాలి?

భండారు అచ్చమాంబ (1874–1905) పేరు విన్న సాహిత్య పాఠకులకు కూడా ఆమె ఎక్కువగా కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్కగానే పరిచయం. ఆమె రాసిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' చదివినవారు అరుదు. మన దేశంలో రచయిత మరణించిన అరవై యేళ్లకు కాపీహక్కు ముగుస్తుంది గనుక ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఎవరైనా నిరభ్యంతరంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. చిక్కల్లా దాన్ని వెతికి పట్టుకోవడంలోనే.

దోహాకు పడమర సుమారు ఎనభై కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ చమురు పట్టణం నుంచి వేటపాలెం సారస్వత నికేతనానికో, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికో సెలవుల్లో తప్ప వెళ్లలేము. దుఖాన్‌లో ఉన్నవాడికి అంతర్జాలమే పుస్తకాల బీరువా. ఆ బీరువా తలుపు రోమన్ అక్షరాలతో తెరుచుకుంటుంది. 'సచ్చరిత్ర', 'అచ్చమాంబ' – రెండింటిలోనూ ద్విత్వ చకారమే. దాన్ని ఒకరు ఒక్క 'సీహెచ్'తో రాస్తారు, మరొకరు ముందు ఇంకో 'సీ' చేరుస్తారు, ఇంకొకరు 'సీహెచ్'నే రెండుసార్లు రాస్తారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మన పాత గ్రంథాలను వేల సంఖ్యలో స్కాన్ చేయించి మహోపకారం చేసింది గాని, శీర్షికల నమోదును మాత్రం ఇలా ఎవరి వర్ణక్రమానికి వారినే వదిలేసింది. 2017లో కాపీహక్కుల వివాదంతో ఆ సైటు మూతపడ్డాక, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలిన ప్రతులు ఆ వికృతనామాలనే మోసుకొచ్చాయి. తెలుగు లిపిలో వెతికేవారికి వాటిలో చాలా భాగం లేనట్టే.

వైద్యులకు ఈ అవస్థ కొత్త కాదు. గల్ఫ్‌లో 'మహమ్మద్' అన్న ఒక్క పేరే అయిదారు వర్ణక్రమాలతో వస్తుంది. ఖతర్ గుర్తింపు సంఖ్య ఉంది కాబట్టి రోగి పాత రిపోర్టులు తప్పిపోవు. 1901 నాటి పుస్తకానికి అలాంటి సంఖ్య ఏదీ? దానికి పేరే దిక్కు.

పత్రికల్లో రాసినవారి గతి ఇంకా కష్టం. అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది 1910లో. తొలి కథ ఏదన్న తగవులోకి నేను దిగను. అందులో పంతమే ఎక్కువ. కానీ ఆ తగవు పుట్టడానికైనా ఎవరో ఒకరు పాత సంపుటాలను పుట పుటా తిరగేయవలసి వచ్చింది. స్కాన్ చేసిన సంపుటానికి పత్రిక పేరు, సంవత్సరం తప్ప లోపలి రచయితల పేర్లు చాలాసార్లు ఉండవు. అందుకే అంతగా తెలియని రచయిత కోసం వెతికేటప్పుడు నేను రచయిత పేరును పక్కన పెడతాను. ముందు పత్రిక పేరును నాలుగైదు వర్ణక్రమాలతో, ఆ తర్వాత సంవత్సరాన్ని పట్టుకుంటాను. పాత ముఖపత్రాల మీద తెలుగు సంవత్సరం పేరు కూడా కనబడుతుంటుంది: 1902 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా శుభకృత్. ఈ లెక్క తెలియకపోతే చేతికందిన సంచిక కూడా జారిపోతుంది.

ఖతర్ డిజిటల్ లైబ్రరీ 2014 నుంచి ఉంది. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ దస్తావేజులను ఇంగ్లిషు, అరబిక్ భాషల్లో వివరణలతో అందిస్తోంది. ఈ ప్రాంతపు చమురు ఒప్పందాల గురించి 1930లలో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అక్కడ నిమిషాల్లో దొరుకుతాయి. వారికి డబ్బుంది, నిజమే. అయితే స్కాన్ ఎంత పనో వివరణ రాయడమూ అంత పనేనని వారు మొదటే అంగీకరించారు. మనం ఇప్పటికీ ఎన్ని లక్షల పుటలు ఎక్కించామన్న లెక్క దగ్గరే ఆగుతున్నాం.

మరో లక్ష పుటలు ఎక్కించే ముందు, ఉన్నవాటికి తెలుగు లిపిలో పేర్లు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఒక్కొక్కరు ఒక్క సంపుటం తీసుకుంటే చాలు: రచన, రచయిత, పుట సంఖ్య. రచయిత పేరు లేనిచోట మొదటి వాక్యం రాసి ఉంచండి.